రుద్రమదేవి చరిత్ర చదివే ముందు పెన్సిల్ చెక్కి పెట్టుకోండి

నా పుట్టిల్లు మందడం. మెట్టినిల్లు గుంటూరు, బ్రాడీపేట. ముప్పై ఏళ్లకు పైగా ప్రసూతి వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆ తర్వాతే రుద్రమదేవి జీవిత చరిత్ర చేతిలోకి తీసుకున్నాను. మొదటిసారి సగంలో ఆపేశాను. పేర్లన్నీ కలిసిపోయాయి, సంవత్సరాలు ఒకదానికొకటి పొసగలేదు. రెండోసారి పద్ధతి మార్చి చదివితే పుస్తకం వదలబుద్ధి కాలేదు. ఆ పద్ధతి చెబుతాను.

మొదటి అధ్యాయం అప్పుడే మొదలుపెట్టకండి. అట్ట లోపలి ఖాళీ కాగితం మీద వంశవృక్షం గీయండి. పైన రుద్రదేవుడు, హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించినాయన. ఆయన తమ్ముడు మహాదేవుడు. మహాదేవుడి కొడుకు గణపతిదేవుడు, 1199లో రాజయ్యాడు. ఆయన కూతుళ్లు రుద్రమ, గణపాంబ. రుద్రమ భర్త నిడదవోలు చాళుక్యుల వీరభద్రుడు. కూతురు ముమ్మడమ్మ, ఆమె కొడుకు ప్రతాపరుద్రుడు. అమ్మమ్మ తర్వాత రాజైంది ఈ మనవడే.

ఇప్పుడు రెండు పేర్ల కింద గట్టిగా గీత గీయండి. శాసనాల్లో రుద్రమను మగపేరుతో, రుద్రదేవ మహారాజు అని రాశారు. పెదతాత వరస రుద్రదేవుడిదీ అదే పేరు. ఏ రుద్రదేవుడో పక్కనున్న సంవత్సరం చూసి తేల్చుకోవాలి. అలాగే రుద్రమ మీదికి దండెత్తి వచ్చిన దేవగిరి యాదవరాజు పేరూ మహాదేవుడే. తాతగారే మనవరాలి మీదికి యుద్ధానికి వచ్చాడా అని నేను ఒక పూటంతా తికమకపడ్డాను.

చెల్లెలు గణపాంబను దాటేసి పోకండి, ముఖ్యంగా మన గుంటూరు వాళ్లు. ఆమెను ధరణికోట ఏలిన కోట వంశపు బేతరాజుకిచ్చారు. భర్త పోయాక ఆ సీమను ఆమే చూసుకుంది. యనమదలలో ఆమె శాసనం ఉంది. అక్క ఓరుగల్లులో, చెల్లెలు మన అమరావతి పక్కన. ఈ సంగతి ఒక్క వాక్యంలో ముగించే పుస్తకాలంటే నాకు బాధ.

శక సంవత్సరం కనిపిస్తే 78 కలపండి, మామూలు సంవత్సరం వస్తుంది. శక 1183 అంటే 1261. రుద్రమ పాలన ఎప్పుడు మొదలైందన్న దగ్గర పుస్తకాలు ఒక మాట మీద ఉండవు. తండ్రి బతికుండగానే ఆమె ఆయనతో కలిసి రాజ్యం చూసింది కాబట్టి, కొందరు అక్కడినుంచి లెక్కిస్తారు, కొందరు ఒంటరిగా ఏలిన నాటినుంచి. టెన్షన్ పడకుండా రెండూ రాసి పెట్టుకోండి.

పుస్తకం కొనే ముందే చివరి అధ్యాయం తిప్పి, ఆమె చనిపోయిన సంవత్సరం చూడండి. నల్గొండ వైపు చందుపట్లలో దొరికిన తెలుగు శాసనం 1289 నవంబరు నాటిది. రుద్రమదేవికీ, సేనాపతి మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కలిగిందని చెప్పి, వాళ్ల పుణ్యం కోసం భూమి దానం చేసిన శాసనమది. ఆమె 1290 దాటాక కూడా ఏలిందని రాసి ఉంటే, ఆ రచయిత ఈ శాసనాన్ని లెక్కలోకి తీసుకోలేదని అర్థం.

ఇక్కడే పెన్సిల్ పని అసలు మొదలవుతుంది. రాయి మీద ఉన్న మాటకు ‘శా’ అనీ, రచయిత ఊహకు ‘ఊ’ అనీ మార్జిన్‌లో రాయండి. ఆమె చనిపోయిందన్నది ‘శా’. తిరగబడ్డ కాయస్థ సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో చనిపోయిందన్నది చరిత్రకారులు అప్పటి పరిస్థితులు చూసి కట్టిన అంచనా, కాబట్టి ‘ఊ’. ఆ అంచనా నాకూ సబబుగానే తోస్తుంది, అయినా గుర్తు మార్చను. పరాయి యాత్రికుల మాటకు ‘యా’ రాయండి. మోటుపల్లి సీమ గురించి రాసిన మార్కో పోలో ఆమె న్యాయం తెలిసిన రాణి అని మెచ్చుకున్నాడు, కానీ ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. నిజానికి ఆమె ఆ రాజుగారి కూతురు.

మల్కాపురం శాసనం వచ్చిన పేజీ దగ్గర మాత్రం పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఉండిపోయాను. గణపతిదేవుడు తన శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యులకు మందరం అనే ఊరు ఇచ్చాడు, రుద్రమ దానికి వెలగపూడి కూడా కలిపి ఇచ్చింది. మందరం అంటే మా మందడమే. ఆ ఆదాయంతో నడిచినవాటిలో మఠం, చదువు చెప్పేవాళ్లు, సత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఉన్నాయి. ప్రసూతిశాల! ఎన్ని రాత్రులు పురుళ్ల డ్యూటీ చేశానో లెక్కలేదు. మా ఊరి పొలాల పంట మీద ఏడున్నర వందల ఏళ్ల కిందట పురుళ్లు పోశారని ఒక్కరూ నాకు చెప్పలేదు. ఆ మాట పక్కన ‘శా’ అని రెండుసార్లు రాసుకున్నాను.

అందుకే ఆ అధ్యాయం చదివాక ఒక రోజు పెట్టుకుని మల్కాపురం వెళ్లండి. వెలగపూడి సెక్రటేరియట్ దాకా వెళ్తే దగ్గరే. పైన నందితో నిలబడి ఉంటుంది ఆ రాతి స్తంభం. శాసన పాఠం జిరాక్స్ తీయించి తీసుకెళ్లండి, రాతి మీద సుద్ద గానీ పొడి గానీ రుద్దకండి. పొద్దున్నే వెళ్లండి. ఎండ ఏటవాలుగా పడే ఆ కాసేపట్లోనే అక్షరాల లోతు బాగా కనిపిస్తుంది.