పసివాడికి పొద్దు పోవడం లేదా? లక్షణాన్ని బట్టి ఆట

నెల్లూరులో మా ఇంటికి పెరడు ఉంది. అక్కడ రెండేళ్ల పిల్లవాడిని ఎవరూ పనిగట్టుకుని ఆడించనక్కరలేదు. చీమలూ మట్టీ కొబ్బరి మట్టలే ఆడిస్తాయి. చెన్నైలో మా అమ్మాయి ఇల్లు వేలచ్చేరిలో, మూడో అంతస్తు. మే నెలలో కర్తరి ఎండలు, నవంబరులో వాయుగుండాలు, మిగిలిన రోజుల్లో దోమలు. రెండేళ్ల నాలుగు నెలల మనవడిని పగలంతా ఆ నాలుగు గోడల మధ్య చూసుకునే పని నాది. ముప్పై ఏళ్లు ఒకటో తరగతి పిల్లలను పట్టుకున్నదాన్ని, ఇదెంత అనుకుంటూ వచ్చాను. వారం తిరక్కుండానే ఆ గర్వం దిగిపోయింది.

దిగాక ఒకటి తెలిసింది. "ఏ ఆట ఆడించాలి?" అని మొదలుపెడితే దారి తప్పుతాం. అల్లరి ఏ రూపంలో ఉందో చూస్తే, వాడికి ఆకలి కాళ్లదా, చేతులదా, మన ఒడిదా అన్నది తెలుస్తుంది. కాళ్ల ఆకలితో ఉన్నవాడికి బొమ్మల పుస్తకం ఇస్తే చింపుతాడు. ఒడి కావలసినవాడికి వెయ్యి రూపాయల బొమ్మ ఇచ్చినా విసిరికొడతాడు.

ముందు చూసుకోవలసింది: అసలు అది విసుగేనా?

కడుపు, నిద్ర, ఒళ్లు చూడండి. ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మధ్యాహ్నం నిద్ర తప్పిన రోజు ఏ ఆటా పనిచేయదు, నా మాట నమ్మండి. రెండేళ్లు దాటాక చివరి పాల దవడ పళ్లు వచ్చే కాలం కూడా ఇదే. పిడికిలి నోట్లో కుక్కుకుని చిరాకు పడుతుంటే చిగుళ్లు చూడండి, ఆట సంగతి తర్వాత.

సమస్య: సోఫా ఎక్కి దూకుతాడు, ఒక్కచోట నిలవడు

కారణం: కాళ్లకు పని చాలలేదు. ఏడాది నుంచి నాలుగేళ్ల వరకు పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని అదే సంస్థ లెక్క. ఫ్లాటులో ఉండే పిల్లవాడికి ఆ మూడు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? సోఫా నుంచే.

పరిష్కారం: బరువైనదో పెద్దదో ఏదైనా తోయించండి, లాగించండి. మా ఇంట్లో దీనికి దొరికిన మహారాజు ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ల క్యాను. చెన్నైలో క్యాను లేని ఇల్లు అరుదు. దాన్ని పడుకోబెట్టి హాలు ఈ చివర నుంచి ఆ చివరకు దొర్లించమన్నాను. వంగి రెండు చేతులూ ఆనించి, నాలుక కొంచెం బయటపెట్టి, బండి లాగే ఎద్దులా తోశాడు. గోడకు తగిలి అది వెనక్కి వస్తే ఆశ్చర్యపోయి దానితో ఏదో మాట్లాడాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆ తర్వాత కింది అంతస్తు ఆవిడ పైకి వచ్చి, పైన ఏమైనా పగలగొడుతున్నారా అని అడిగి వెళ్లారు. అప్పటి నుంచి జంపఖానా పరిచి దొర్లిస్తున్నాం.

క్యాను లేకపోతే ఉతకవలసిన బట్టల బుట్ట ఉంది. దిండ్లు వరుసగా వేసి "కింద అంతా నీళ్లు, కాలు పెడితే తడుస్తుంది" అంటే వాటి మీదుగానే నడుస్తాడు. సుద్దతో నేల మీద ముగ్గులా సున్నాలు గీసి ఒక్కో సున్నాలోకి గెంతించవచ్చు. ఉప్పుమూట ఆట కూడా మంచిదే కానీ అది మనవడి కాళ్లకు కాదు, మీ నడుముకు వ్యాయామం.

సమస్య: చేతికి దొరికినదల్లా విసురుతాడు

కారణం: ఇది కోపం కాకపోవచ్చు. వస్తువు చేతి నుంచి వదిలితే ఎటు పోతుంది, ఎంత చప్పుడు చేస్తుంది, పెద్దవాళ్ల ముఖం ఎలా మారుతుంది అని పరీక్ష చేస్తున్నాడు. "విసరకు" అంటే పరీక్షలో మూడో భాగం విజయవంతమైందన్నమాట.

పరిష్కారం: విసరదగినవి ఇవ్వండి. మేజోళ్లు జతలు జతలుగా చుట్టి ఉండలు చేసి, బట్టల బుట్టలోకి విసిరించండి. బుట్టను రోజుకు ఒక జానెడు వెనక్కి జరపండి. స్నానాలగదిలో తడి స్పాంజిని గోడకు కొట్టిస్తే వచ్చే చప్పుడు కోసం ఏ పిల్లవాడైనా గ్లాసులు విసరడం మానేస్తాడు. గట్టి వస్తువు విసిరితే మాట్లాడకుండా తీసుకుని మేజోళ్ల ఉండ చేతిలో పెట్టండి. ఉపన్యాసం వద్దు, అది నా వృత్తి దోషం, అనుభవంతో చెబుతున్నాను.

సమస్య: బొమ్మలు కుప్పలుగా ఉన్నాయి, దేనితోనూ రెండు నిమిషాలు ఆడడు

కారణం: కుప్పే కారణం. 2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు పసివాళ్లను ఒకసారి నాలుగు బొమ్మలతో, ఒకసారి పదహారు బొమ్మలతో వదిలి చూశారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు.

పరిష్కారం: ముప్పాతిక భాగం అటక ఎక్కించండి, వారానికోసారి మార్చండి. మీట నొక్కితే తానే పాడి తానే ఆడే బొమ్మను ముందు ఎక్కించండి. అది ఆడుతుంటే పిల్లవాడు చూస్తాడంతే.

సమస్య: వంట చేస్తుంటే కాళ్లకు చుట్టుకుంటాడు

కారణం: వాడికి బొమ్మ వద్దు, మీరు చేసే పని కావాలి, మీ పక్కన కావాలి. పిల్లలకు ఉత్తుత్తి వస్తువుల కంటే నిజం పనులంటేనే ఇష్టమని ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి చెప్పింది. ఆమె 1939లో ఈ ఊరికే వచ్చి, అడయారులో దివ్యజ్ఞాన సమాజం ఆవరణలో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఒలకకుండా పోయడం ఆమె పద్ధతిలో పెద్ద పాఠం. మన ఇళ్లలో ఆడపిల్లలు గుజ్జనగూళ్లు ఆడుకున్నదీ దాదాపు ఇదే కదా. ఇప్పుడు మగపిల్లలకూ అప్పగిద్దాం.

పరిష్కారం: పొయ్యికి దూరంగా, కుక్కరుకు ఇంకా దూరంగా, నేల మీద పాత చీర పరిచి వాడికొక వంటిల్లు పెట్టండి. నేను మొదట ఇచ్చిన పని గోంగూర ఆకు గిల్లడం. ఒక గిన్నెలో ఆకు, ఇంకో గిన్నెలో కాడ వేయాలని చూపించాను. వాడు ఒక ఆకు గిల్లాడు, వెలుతురుకు పట్టి చూశాడు, నాకు చూపించాడు, గిన్నెలో పెట్టాడు, మళ్లీ తీసి చూశాడు. ఆ లెక్కన కట్ట అయ్యేసరికి దీపావళి వస్తుంది. పైగా మధ్యలో పద్ధతి తిరగబడి, కాడలు గిన్నెలోకీ ఆకులు చెత్తబుట్టలోకీ వెళ్లాయి. ఆ రోజు పచ్చడి కొంచెమే అయింది, కానీ చారు, కూర, అన్నం మూడూ పూర్తయ్యాయి.

గోంగూర లేని రోజు చపాతీ పిండి ఉంది. గుప్పెడు పిండిలో బీట్‌రూట్ నీళ్లో పసుపో కలిపితే రంగు వస్తుంది. ఇప్పుడు ఇడ్లీ ప్లేటు తీయండి. పిండి ఉండలు చేసి ఒక్కో గుంటలో ఒక్కొక్కటి పెట్టమనండి. పెట్టడం, తీయడం, వేలితో అదమడం, చిల్లులు పొడవడం. ఇంత చవకైన ఆట వస్తువు నేను ఏ దుకాణంలోనూ చూడలేదు. ఎక్కువ ఉప్పు వేసి నిలవ ఉండేలా చేసే పిండి ముద్ద గురించి చాలామంది చెబుతారు. అన్నీ నోట్లో పెట్టుకునే పిల్లవాడికి అది ఇవ్వకండి. అంత ఉప్పు పసికడుపులోకి పోవడం ప్రమాదం. మామూలు పిండి కూడా పచ్చిది తిననివ్వకూడదు, పక్కనే కూర్చోవాలి.

పప్పుగింజలతో ఆడించే వీడియోలు చూసి శనగలు, రాజ్మా, చింతగింజలు, గవ్వలు ఇవ్వవద్దు. వామనగుంటల పీటను కూడా అటక మీదే ఉంచండి. మూడేళ్లలోపు పిల్లలకు మూడు సెంటీమీటర్ల కంటే చిన్నదేదైనా గొంతుకు అడ్డమే. గింజ ముక్కులోకి పోతే తడికి ఉబ్బుతుంది. అప్పుడు పుల్లతో, వేలితో తీయబోకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.

సమస్య: ఏ ఆట ఇచ్చినా ఐదు నిమిషాలే

కారణం: ఆ వయసుకు ఐదు నిమిషాలు తక్కువేమీ కాదు. ఆట సిద్ధం చేయడానికి మనం అరగంట కష్టపడి ఉంటాం, మన బాధ అది.

పరిష్కారం: ఆడే సమయం కంటే సర్దే సమయం ఎక్కువయ్యే ఆట ఎత్తుకోకండి. ఆట మార్చకుండా అందులో ఒక్క వస్తువు మార్చండి. నీళ్లాటే తీసుకుంటే, మొదట ఒక చెంబు. విసుగు పుట్టగానే టీ వడకట్టే జాలీ. ఆ తర్వాత గరాటు, స్పాంజి, చివరికి ఒక మునిగే చెంచా, ఒక తేలే మూత. అలా ఒకే బేసినులో ముప్పావు గంట గడిచిన రోజులున్నాయి. నవంబరు వానల్లో మేము బాల్కనీ చూరు కింద స్టీలు గిన్నె, ప్లాస్టిక్ డబ్బా, అల్యూమినియం మూత పెట్టి, చినుకు పడితే ఏది ఎలా మోగుతుందో విన్నాం.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. బేసినులో నీళ్లు రెండు అంగుళాలే ఉన్నా పసివాడు మునిగే ప్రమాదం ఉంది, అదీ చప్పుడు లేకుండా. ఫోను మోగినా, పాలు పొంగినా వాడిని వదిలి లేవకూడదు. లేవాలంటే వాడినీ ఎత్తుకుని లేవాలి. ఆట అయిన వెంటనే నీళ్లు పారబోయాలి. అసలు భయం ఆట నీళ్లతో కాదు. ట్యాంకరు వస్తుందో రాదో అని ఈ ఊళ్లో స్నానాలగది నిండా బకెట్లు నింపి ఉంచుతాం. ఆ గది తలుపుకు వాడికి అందని ఎత్తులో గడియ ఉండాలి. మా ఇంట్లో నేను వచ్చిన రెండో రోజునే వడ్రంగిని పిలిపించాం.

సమస్య: గోడల మీద గీతలు

కారణం: కాగితం చిన్నది, జారుతుంది. గోడ పెద్దది, కదలదు. వాడి ఎంపికలో తప్పేమీ లేదు.

పరిష్కారం: పాత క్యాలెండర్ల వెనక వైపు వాడి ఎత్తున గోడకు అంటించండి. బాల్కనీ గోడకైతే నీళ్లలో ముంచిన బ్రష్షు చాలు. గీసిన బొమ్మ ఎండకు మాయమవుతుంది, మళ్లీ గీస్తాడు. ఇల్లు అద్దెదైతే ఇది మరీ మంచిది.

సమస్య: ఫోను ఇస్తే తప్ప ఊరుకోడు

కారణం: అన్నం తినేటప్పుడు, పెద్దవాళ్లకు ఆఫీసు కాల్ ఉన్నప్పుడు, నిద్రకు ముందు ఒకసారి ఇచ్చాం. ఆ వేళలకు ఫోను అలవాటైంది. తప్పు మనదే కనుక వాడిని తిట్టి లాభం లేదు. రెండేళ్లలోపు తెర వద్దనీ, రెండు నుంచి ఐదేళ్ల మధ్య రోజుకు గంట మించకూడదనీ, అది తగ్గితే మరీ మంచిదనీ మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది.

పరిష్కారం: రోజంతా ఒకేసారి మాన్పించబోకండి. ఒక్క వేళను తీసుకోండి. మేము అన్నం వేళతో మొదలుపెట్టాం. మొదటి మూడు రోజులు ఇల్లు దద్దరిల్లింది. మా అల్లుడు రెండో రోజే జేబులోంచి ఫోను తీయబోతే, "నాయనా, రెండు రోజుల కష్టం వృథా చేయకు" అన్నాను. నాలుగో రోజు వాడు తన చిన్న గిన్నెలోంచి ముద్ద తీసి ముందు ఎలుగుబంటి బొమ్మకు పెట్టి, తర్వాత తాను తిన్నాడు. ఎలుగుబంటికి పప్పన్నం మరకలు ఇంకా పోలేదు.

నెల్లూరులో ఉన్న తాతయ్యతో వీడియో కాల్‌ను మాత్రం ఈ లెక్కలో వేయను. ఆయన అక్కడ తువ్వాలు ముఖానికి కప్పుకుని దోబూచులాడతారు, వాడు ఇక్కడ తువ్వాలు వెతుక్కుంటాడు. ఎదుట మనిషి ఉండి బదులు పలికే తెర వేరు.

సమస్య: సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఏడుపు

కారణం: అలసట. దీన్ని విసుగు అనుకుని కొత్త ఆట తెచ్చిపెడితే ఇంకా రేగుతాడు.

పరిష్కారం: స్నానం, మసక వెలుతురు, గోడ మీద నీడలు. టార్చి వెనక నుంచి వేసి రెండు చేతులతో పక్షి, కుక్క. తోలుబొమ్మలాట చూసి పెరిగినదాన్ని కనుక నా కుక్క కొంచెం మొరుగుతుంది కూడా. టార్చిలో గుండీ లాంటి చిన్న బ్యాటరీలు ఉంటే మూత మరతో బిగించి ఉందో లేదో చూడండి. అలాంటిది మింగాడన్న అనుమానం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

సమస్య: విసుగు మీకే

కారణం: ఉదయం నుంచి ఒకే మనిషి ఆడిస్తోంది.

పరిష్కారం: ఎదురింటి మామి. అరగంట అక్కడికి పంపి, తలుపు దగ్గరగా వేసి, వేడి కాఫీ వేడిగా ఉండగానే తాగండి. నిన్న వాడు అక్కడి నుంచి ఒక చేతిలో మురుకుతో, కాళ్ల నిండా ముగ్గుపిండితో వచ్చి, నా కాఫీ గ్లాసు వైపు వేలు చూపించి "పాట్టీ, సూడు" అన్నాడు. చూడమంటున్నాడనుకుని ఎంతసేపు చూశానో. వేడిగా ఉందని తమిళంలో హెచ్చరిస్తున్నాడట, మామి చెబితే తెలిసింది.