చలి పొద్దుల్లో ఒక చిన్న ప్రార్థన అలవాటు

నవంబరు వచ్చిందంటే పొద్దున్నే దుప్పటి వదలబుద్ధి కాదు. మెలకువ రాగానే ఫోన్ తీయకుండా, ఆ దుప్పట్లో ఉండగానే నిన్న అందిన మేలు ఒక్కటి తలచుకుని దేవునికి స్తోత్రం చెప్పండి. “అన్నిటికీ వందనాలు ప్రభువా” అని ఊరుకోవద్దు. “రాత్రి బాబుకి జ్వరం తగ్గింది, వందనాలు”, “పక్కింటి అక్క వేడివేడిగా చారు పంపింది, వందనాలు” అన్నట్టు విడిగా చెప్పాలి. ఆ తర్వాతే మనసులోని టెన్షన్ ఆయనకు చెప్పుకోండి.

బైబిల్లో అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) 4వ అధ్యాయం 6, 7 వచనాల్లో ఉన్నది ఇదే. విన్నపంతో పాటు కృతజ్ఞత కూడా వెళ్లాలి, అప్పుడు దేవుని సమాధానం, అంటే ఆయనిచ్చే శాంతి, హృదయానికి కావలి ఉంటుంది. పౌలు ఆ మాట రాసింది సంకెళ్లలో ఉండి!

అదే పౌలు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో, త్రోయ పట్టణంలో ఉంచి వచ్చిన అంగీ తెమ్మనీ, చలికాలం రాకముందే రమ్మనీ అడిగాడు. అంతటి విశ్వాసికీ చలి వేస్తుంది కదా. అందుకే బీరువాలో అదనంగా ఉన్న దుప్పటి ఒకటి తీసి, ఎండలో వేసి, ఈ ఆదివారం చర్చికి వెళ్లేటప్పుడు అవసరమున్నవాళ్లకి ఇచ్చేయండి.