ఒక అక్షరం, నాలుగు అంకెలు: పాత అమెరికా ఆర్మీ జాకెట్ ఎవరిదో కనిపెట్టడం

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా ఆర్మీ జాకెట్లు అక్కడి ఎస్టేట్ సేల్స్‌లో (ఇంటి పాత సామాను అమ్మకాల్లో), పాత బట్టల దుకాణాల్లో, ఈబేలో ఇప్పటికీ దొరుకుతున్నాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది నడుం దాకా వచ్చే పొట్టి ఉన్ని జాకెట్. దాన్ని ఐక్ జాకెట్ అంటారు. 1944లో వచ్చింది. కొన్నవాళ్లకు ముందు పుట్టే ప్రశ్న ఒకటే: దీన్ని తొడుక్కున్న మనిషి ఎవరు?

చాలా జాకెట్లలో దారి లోపలే ఉంటుంది. బట్టలు ఉతుకుడుకు వెళ్లి తిరిగొచ్చేటప్పుడు కలిసిపోకుండా సైనికులు వాటి మీద ఇంటిపేరు మొదటి అక్షరం, ఆర్మీ ఒక్కో సైనికుడికి ఇచ్చిన సర్వీస్ నంబరులోని చివరి నాలుగు అంకెలు వేసుకునేవారు. ఉదాహరణకు ఎం-4417. దీన్ని లాండ్రీ నంబర్ అంటారు. దీని నుంచి ఏదో ఒక పేరు పట్టుకోవడం తేలిక. పట్టుకున్న పేరు ఈ జాకెట్టుదేనని నిరూపించడమే అసలు పని, ఓపిక అంతా అక్కడే కావాలి. మొదటి మెట్టు మీదే ఆగిపోయినవాళ్ల వల్ల తప్పుడు పేర్లతో చాలా జాకెట్లు చేతులు మారుతున్నాయి.

ముందు జాకెట్టును ఉతక్కండి, డ్రైక్లీనింగ్‌కూ ఇవ్వకండి. ఉన్ని ముడుచుకుంటుంది, ప్యాచ్‌ల (దళం గుర్తుగా భుజం మీద కుట్టిన గుడ్డ బిళ్లల) రంగు దిగుతుంది, మసకబారిన సిరా పూర్తిగా పోతుంది. ఆధునిక డిటర్జెంట్‌లో మెరుపు రసాయనాలు ఉంటాయి. ఒక్కసారి తగిలితే అతినీలలోహిత కాంతిలో బట్టంతా మెరుస్తుంది, మసకబారిన అంకెలు వెతకడానికి ఆ కాంతితో చేసే పరీక్ష ఇక పనికిరాదు. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

నంబరు కోసం కాలర్ వెనక లోపలి వైపు, లోపలి జేబు అంచు, చేతుల లైనింగ్, నడుం పట్టీ లోపల వెతకండి. జాకెట్టుతో పాటు ప్యాంటు, చొక్కా, టోపీ, బెల్టు వస్తే అన్నీ విడివిడిగా చూడాలి. ప్యాంటు నడుం పట్టీలో, టోపీ లోపలి చెమట పట్టీ మీద సిరా బాగా నిలుస్తుంది. అన్నింటి మీదా ఒకే నంబరు ఉంటే ఆ సెట్టు ఒకే మనిషిదని నమ్మవచ్చు. వేర్వేరు నంబర్లుంటే ఎవరో ముక్కలు కలిపి సెట్టు చేశారని అర్థం.

అంకెలు కనపడకపోతే గది చీకటి చేసి, టార్చిని బట్టకు దాదాపు సమాంతరంగా పక్క నుంచి పట్టండి. సిరా పోయినా స్టాంపు నొక్కిన గుర్తు నీడగా తేలుతుంది. ఆ తర్వాత 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చితో చూడండి. ఫోన్‌తో ఫొటో తీసి రంగులు తిరగేసి, కాంట్రాస్ట్ పెంచితే ఇంకొంత తెలుస్తుంది. 1, 7 పొరబడటం, 3, 8 పొరబడటం మామూలే. అనుమానం ఉన్న అంకెకు రెండు రూపాలూ రాసుకుని రెండింటితోనూ వెతకండి. నీళ్లు, స్పిరిట్ చుక్క కూడా వేయొద్దు.

కొన్నిటి మీద రెండు మూడు నంబర్లు ఉంటాయి, ఒకటి కొట్టేసి పక్కన ఇంకొకటి. అది ఒకరి తర్వాత ఒకరికి ఇచ్చిన బట్ట. కొట్టేయని నంబరే చివరి మనిషిది. బయట ప్యాచ్‌లు, రిబ్బన్లు (పతకాలకు గుర్తుగా పెట్టుకునే రంగు పట్టీలు) ఉంటే అవి దాదాపు ఎప్పుడూ ఆ చివరి మనిషివే.

లోపలి జేబులో కుట్టిన చిన్న తెల్ల గుడ్డ లేబుల్‌ను తప్పకుండా చదవండి. సైజు, తయారీదారు పేరు, కాంట్రాక్టు నంబరు, తేదీ ఉంటాయి. అక్కడి తేదీ 1945 మార్చి అయితే, 1944లో చనిపోయినవాడిదీ, 1944లో ఆర్మీ వదిలినవాడిదీ ఆ జాకెట్ కాదు. సైజూ ముఖ్యమే: 38ఆర్ అంటే ఛాతీ 38 అంగుళాలు, మామూలు ఎత్తు. ఎస్ అంటే పొట్టి, ఎల్ అంటే పొడవు.

బయట ఉన్నవి చదవడం

ఎడమ భుజం ప్యాచ్ ఆ మనిషి చివరగా ఉన్న దళానిది. కుడి భుజం మీద ఉంటే అంతకుముందు యుద్ధంలో పనిచేసిన దళానిది. దీనికి 1945లో అనుమతి వచ్చింది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 1945 మేలో ఆర్మీ పాయింట్ల లెక్క పెట్టింది: సర్వీసులో నెలకు ఒకటి, విదేశంలో ఉన్న నెలకు ఇంకొకటి, ఒక్కో యుద్ధ నక్షత్రానికీ (పోరులో పాల్గొన్నందుకిచ్చే గుర్తు) పతకానికీ ఐదు, ముగ్గురి వరకు ఒక్కో బిడ్డకు పన్నెండు. 85 పాయింట్లు, ఆపైన వచ్చినవాళ్లను ఇళ్లకు పంపడానికి ఒక డివిజన్ (వేల మంది ఉండే పెద్ద దళం) నుంచి ఇంకో డివిజన్‌కు మార్చారు. దాంతో ఎడమ భుజం మీది డివిజన్‌తో ఆ మనిషి ఒక్క రోజు కూడా పోరాడి ఉండకపోవచ్చు, ఆ డివిజన్‌తో కలిసి ఓడెక్కి ఇంటికొచ్చి ఉండవచ్చు. కుడి ప్యాచ్ ఉంటే దాన్నే నమ్మండి.

ఎడమ చేతి కింది భాగంలో అడ్డంగా ఉండే బంగారు రంగు పట్టీ ఒక్కొక్కటి విదేశంలో ఆరు నెలలకు గుర్తు. నాలుగు ఉంటే కనీసం రెండేళ్లు. ఏటవాలు పట్టీ ఒక్కొక్కటి మూడేళ్ల సర్వీసు. కుడి జేబు పైన వలయంలో రెక్కలు చాచిన బంగారు రంగు గద్ద ఉంటే ఆ మనిషి గౌరవంగా డిశ్చార్జి అయినట్టు. నీలం మీద తుపాకీ ఉన్న ఇన్‌ఫాంట్రీ (పదాతి దళం) బ్యాడ్జి 1943లో మొదలైంది. వీటన్నిటినీ ఒక కాగితం మీద ఇలా రాసుకోండి: ర్యాంకు, శాఖ, దళం, విదేశంలో నెలలు, ఏ రణరంగం. వడపోతకు జల్లెడ ఇదే.

చైనా-బర్మా-ఇండియా రణరంగం ప్యాచ్ ఉంటే దాన్ని మరింత దగ్గరగా చూడండి. అస్సాం నుంచి బర్మా మీదుగా చైనా వైపు వేసిన లెడో రోడ్డు మీద, అస్సాం విమానాశ్రయాల్లో పనిచేసిన అమెరికన్లు ఈ ప్యాచ్‌లను ఇక్కడి బజార్లలో జరీ తీగతోనూ తోలుతోనూ చేయించుకున్నారు. అంటే చేతిపని, కుట్టులో తేడాలు ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోకూడదు.

పేరు వెతకడం

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌వారి ఏఏడీ అనే ఉచిత డేటాబేస్‌లో 1938 నుంచి 1946 వరకు ఆర్మీలో చేరినవారి రికార్డులు సుమారు 90 లక్షలు ఉన్నాయి. సర్వీస్ నంబర్ గడిలో మొదటి నాలుగు అంకెల స్థానంలో ఏ అంకైనా కావచ్చని చెప్పడానికి ఆ సైటు సహాయ పేజీలో చెప్పిన ఖాళీ గుర్తు పెట్టి, చివర మీ నాలుగు అంకెలు ఇవ్వండి. పేరు గడిలో మొదటి అక్షరం.

ఎంతమంది రావచ్చో ముందే లెక్క వేసుకోవచ్చు. నాలుగు అంకెలకు పదివేల కలయికలు, అంటే ఒక్కో కలయికకు సగటున 900 మంది. అక్షరంతో వడపోస్తే సగటున ఓ ముప్ఫై నలభై మంది మిగులుతారు. ఎస్, ఎం, బి లాంటి అక్షరాలకు అంతకు రెట్టింపు, క్యూ, జెడ్‌లకు కొద్దిమందే. వచ్చిన మొదటి పేరే జాకెట్టుదని రాసేయడం ఎంత తప్పో ఈ లెక్కే చెబుతుంది.

అసలు మనిషి జాబితాలో లేకపోయే అవకాశమూ ఉంది. ఈ రికార్డులు పంచ్ కార్డుల (రంధ్రాలు కొట్టి సమాచారం నమోదు చేసిన కార్డుల) ఫిల్ముల నుంచి యంత్రంతో చదివించినవి. కొన్ని రీళ్లు చదవడానికి వీల్లేక వదిలేశారు. పేర్లలో అక్షరాలు తారుమారయ్యాయి. అధికారుల రికార్డులు ఇందులో దాదాపు లేవు. వాళ్ల నంబర్లు ఓ అక్షరంతో మొదలవుతాయి.

పూర్తి నంబరు కనబడ్డాక దాన్ని కూడా చదవండి. మొదటి అంకె 1 అయితే తానుగా చేరినవాడు, 2 అయితే నేషనల్ గార్డ్ (రాష్ట్రాల సైనిక దళం), 3 అయితే నిర్బంధంగా తీసుకున్నవాడు. తర్వాత 4 కూడా నిర్బంధ సైనికులకే వాడారు. 1, 3, 4తో మొదలయ్యే నంబర్లలో రెండో అంకె ప్రాంతం: 1 న్యూ ఇంగ్లండ్, 2 న్యూయార్క్, న్యూజెర్సీ వైపు, 6 ఇల్లినాయ్, మిషిగన్, విస్కాన్సిన్, 8 టెక్సాస్ చుట్టుపక్కల, 9 పశ్చిమ తీరం. నంబరు ముందు ఆర్ఏ, యూఎస్ అన్న అక్షరాలుంటే ఆ జాకెట్టును యుద్ధం అయిపోయాక వాడారు.

ఇప్పుడు జల్లెడ పట్టండి. మీ జాకెట్ మీద నాలుగు విదేశీ పట్టీలున్నాయి, మీ జాబితాలోని ఒకరు చేరింది 1944 జూన్‌లో అనుకోండి. 1945 చివరికల్లా డిశ్చార్జి అయి ఉంటే లెక్క కుదరదు, తీసేయండి. మిగిలినవాళ్ల డ్రాఫ్ట్ (నిర్బంధ సైనిక సేవ) రిజిస్ట్రేషన్ కార్డులు వంశవృక్షాల సైట్లలో దొరుకుతాయి. వాటిలో ఎత్తు, బరువు రాసి ఉంటాయి. ఆరడుగుల రెండంగుళాల, 200 పౌండ్ల మనిషి 36ఎస్ జాకెట్టులో పట్టడు. ఈ ఒక్క పరీక్షతోనే జాబితా బాగా తగ్గిపోతుంది.

దళం ఏదో ఏఏడీలో ఉండదు. దాని కోసం స్థానిక పాత పత్రికలు, సమాధి రాళ్ల రికార్డులు, కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టులో నమోదు చేసిన డిశ్చార్జి పత్రాలు చూడాలి. చాలామంది సైనికులు ఇంటికి చేరగానే ఆ పత్రాన్ని కౌంటీలో నమోదు చేయించుకున్నారు. అందులో దళం, యుద్ధాలు, పతకాలు, విదేశానికి వెళ్లిన తేదీ, వచ్చిన తేదీ వరుసగా ఉంటాయి. జాకెట్ మీది రిబ్బన్లతో అక్షరం అక్షరం పోల్చుకోవడానికి ఇంతకు మించిన కాగితం లేదు.

పేరు ఒకటికి దిగాక సెయింట్ లూయిస్‌లోని నేషనల్ పర్సనల్ రికార్డ్స్ సెంటర్‌కు ఎస్ఎఫ్-180 ఫారం పంపండి. సర్వీసు ముగిసి 62 ఏళ్లు నిండిన ఫైళ్లను ఎవరైనా అడగవచ్చు, ఫీజు ఉంటుంది. కానీ 1973 జులై 12న అక్కడ జరిగిన అగ్ని ప్రమాదంలో 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య డిశ్చార్జి అయిన ఆర్మీవాళ్ల ఫైళ్లలో సుమారు 80 శాతం కాలిపోయాయి. ఫైలు లేదని జవాబు వస్తే అక్కడితో వదలకండి. చివరి జీతం వోచరు అడగండి. దళం తెలిస్తే అందులో ఆ మనిషి ఉన్న కంపెనీ (చిన్న సైనిక విభాగం) రోజువారీ మార్నింగ్ రిపోర్టులు అడగండి. అందులో మనిషి చేరిన రోజు, గాయపడిన రోజు, బదిలీ అయిన రోజు పేరుతో సహా నమోదై ఉంటాయి.

ప్యాచ్ అసలుదేనా?

ఖరీదు పెంచడానికి అమ్మేవాళ్లు పేరున్న డివిజన్ ప్యాచ్ కుట్టేస్తారు. ప్యాచ్ అంచు కొద్దిగా ఎత్తి కింది ఉన్ని చూడండి. పాత కుట్టయితే కింద రంగు ముదురుగా, తాజాగా ఉంటుంది, ఎండ తగల్లేదు కాబట్టి. ప్యాచ్ ఆకారానికి బయట ఇంకో వరుస సూది రంధ్రాలుంటే అక్కడ ముందు వేరే ప్యాచ్ ఉండేది. ఒకే పురుగు కొట్టిన రంధ్రం ప్యాచ్‌నూ కింది ఉన్నినీ కలిపి దూసుకుపోయి ఉంటే, ఆ రెండూ చాలాకాలంగా కలిసే ఉన్నాయి. అతినీలలోహిత కాంతిలో దారం ఒక్కటే తెల్లగా వెలిగితే అది ఈ కాలపు దారం.

మన ఇళ్లలో తాతలవి ఉంటే దారి వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైనికులకిచ్చిన పతకాలు, స్టార్ల మీద నంబరు, ర్యాంకు, పేరు, దళం వేసి ఇచ్చారు. బ్రిటిష్ ఆర్మీవాళ్లకు అవే పేరు లేకుండా వచ్చాయి. కాబట్టి బట్ట కంటే ముందు పతకం వెనకవైపు, అంచు చూడండి. ఆ నంబరుతో కుటుంబ సభ్యులు ఆ దళం రికార్డ్ ఆఫీసుకు రాయాలి: మద్రాస్ రెజిమెంట్‌కు నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాస్ శాపర్లకు (ఇంజినీర్ల దళం) బెంగళూరు, ఈఎంఈకి (ఎలక్ట్రికల్, మెకానికల్ ఇంజినీర్ల దళం) సికింద్రాబాద్.

ఒక జాగ్రత్త. అమెరికా ఆర్మీ 1969లో సర్వీస్ నంబర్లు మానేసి సోషల్ సెక్యూరిటీ నంబర్లు (ప్రభుత్వం పౌరులకిచ్చే గుర్తింపు నంబర్లు) పెట్టింది. ఆ తర్వాతి బట్టల మీది నాలుగు అంకెలు ఆ నంబరువి. బతికున్నవాళ్లవి కావచ్చు, ఫొటోలో మూసేసి పెట్టండి.

చివరికి ఇద్దరు ముగ్గురు మిగిలితే అందరి పేర్లూ రాసి ఉంచండి, ఎవరిని ఏ ఆధారంతో తీసేశారో కూడా. ఆమ్లం లేని కాగితం మీద పెన్సిల్‌తో రాసి, నూలు దారంతో బొత్తం కన్నానికి కట్టండి. గుండుసూది తుప్పు పట్టి ఉన్నిని తినేస్తుంది.