మూడు తరాల విదేశీ యాత్ర – పాఠం 3: టికెట్ల నుంచి మొదటి రెండు రాత్రుల దాకా

పోయిన పాఠంలో అందరి పాస్‌పోర్టులూ ఒకచోట చేర్చి గడువు తేదీలు రాసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత 6 నెలల గడువు మిగలని పాస్‌పోర్టు ఏదైనా ఉంటే ఇప్పుడే రెన్యువల్‌కి ఇచ్చేయండి. చాలా దేశాలు ఆ 6 నెలలూ అడుగుతాయి. షెంగెన్ దేశాల (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల) లెక్క వేరు: అక్కడి నుంచి బయటికొచ్చే రోజు తర్వాత 3 నెలలుంటే చాలు, కాకపోతే పాస్‌పోర్టు గత 10 ఏళ్లలో జారీ అయినదై ఉండాలి. పిల్లల పాస్‌పోర్టులు మరోసారి చూడండి. పెద్దవాళ్ల వాటికంటే వాటి గడువు చాలా దేశాల్లో తక్కువ. మనవల్ని తాతయ్య, నాయనమ్మ ముందుగా తీసుకెళ్లి, తల్లిదండ్రులు తర్వాత వచ్చి కలిసేటట్టయితే, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో నోటరీ చేయించిన అనుమతి పత్రం పిల్లల వెంట ఉండాలి.

ఇక ఈ పాఠం. ఈ యాత్ర ఇంటి పెద్దవారి 80వ పుట్టినరోజు కోసం. 80వ పుట్టినరోజు జరుపుకునే మనిషికి ఆ ఊళ్లో ఏం చూపించాలా అని నెలల తరబడి ఆలోచిస్తాం. అక్కడికి ఆ మనిషి ఎంత ఓపికతో చేరతారన్నది మాత్రం టికెట్ ధర చూసి ఒక్క నిమిషంలో తేల్చేస్తాం. నా దృష్టిలో ఈ యాత్రలో అన్నిటికంటే పెద్ద నిర్ణయం టికెట్టే.

ఎవరి పక్కన ఎవరు

ఆన్‌లైన్‌లో ఒక బుకింగ్‌లో సాధారణంగా 9 మందికి మించి పట్టరు. పన్నెండు మందికి తీసుకోవాలంటే రెండు బుకింగులు తప్పవు. అప్పుడు అందరూ చేసేది ఏ కుటుంబానికి ఆ కుటుంబం విడగొట్టడం. పెద్దాయన, పెద్దావిడ ఒక బుకింగ్‌లో మిగిలిపోతారు. విమానం రద్దయితే ఎయిర్‌లైన్స్ బుకింగ్ నంబరు ప్రకారమే మనుషుల్ని వేరే విమానాలకు సర్దుతుంది. అలా ఆ ఇద్దరూ తెలియని ఎయిర్‌పోర్టులో ఒంటరిగా పడొచ్చు. అందుకని ప్రతి పెద్దవారితో పాటు, వాళ్ల మందుల సంగతి తెలిసి, ఎయిర్‌పోర్టులో మాట్లాడగలిగే ఒకరు అదే బుకింగ్‌లో ఉండాలి. తర్వాత ఎయిర్‌లైన్స్‌కి ఫోన్ చేసి, రెండు బుకింగులూ ఒకే కుటుంబానివని నమోదు చేయించండి.

మధ్యలో విమానం మారాల్సి వస్తే ప్రయాణం మొత్తం ఒకే టికెట్ మీద ఉండాలి. అప్పుడు మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే ఇంకో దాంట్లో పంపే బాధ్యత వాళ్లది. విడివిడిగా కొంటే ఆ బాధ్యత మీది. మారే చోట గంటన్నర సరిపోతుందని వెబ్‌సైట్ చూపిస్తుంది. అది చకచకా నడిచేవాళ్లకు. వీల్‌చెయిర్, చంటిబిడ్డ, సెక్యూరిటీ లైను, మధ్యలో బాత్రూం, ఇవన్నీ కలిస్తే 3 గంటలైనా ఉండాలి.

వీల్‌చెయిర్ మాట ఎలా ఎత్తాలి

ఎయిర్‌లైన్స్ భాషలో వీల్‌చెయిర్ సాయం ప్రధానంగా మూడు రకాలు. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే మెట్లు ఎక్కగలరు, దూరం నడవలేరు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు కూడా ఎక్కలేరు. డబ్ల్యూసీహెచ్‌సీ అంటే సీటు దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టాలి. చాలామంది ఏమీ చెప్పకుండా "వీల్‌చెయిర్" అని ఒక టిక్కు పెడతారు, మొదటి రకం నమోదవుతుంది. విమానం టెర్మినల్‌కు దూరంగా ఆగి, బస్సెక్కించి, నిచ్చెన మెట్ల దగ్గర దింపినప్పుడు ఇబ్బంది మొదలవుతుంది. రెండో రకం అని రాయించి ఉంటే అక్కడికి లిఫ్టు ఉన్న బండి వస్తుంది.

ఏ రకమో తెలియాలంటే "నాన్నగారూ, నడవగలరా?" అని అడగకూడదు. గలననే అంటారు. "మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాల్సి వస్తోందా? ఎంతసేపు నిలబడితే మోకాలు లాగుతోంది?" అని అడగండి. అదీ మనవల ముందు కాదు, ఇద్దరే ఉన్నప్పుడు. "కుర్చీ వద్దురా, పరువు తక్కువ" అంటే వాదించొద్దు. "ఇక్కడ ఓపిక మిగిలితే అక్కడ మాతో కలిసి నడవొచ్చు నాన్నగారూ" అంటే ఆలోచిస్తారు. ఒప్పుకున్నాక, ప్రయాణానికి కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్స్‌కి చెప్పాలి. నేనైతే టికెట్ కొన్న రోజే చెప్పేయమంటాను.

విమానంలో

క్యాబిన్‌లో గాలి ఒత్తిడి దాదాపు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు ఉంటుంది. గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లు టికెట్ కొనకముందే డాక్టర్ని అడగాలి. 4 గంటలు దాటి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. పెద్దవాళ్లకు నడవా పక్క సీటు తీసుకోండి, గంటా రెండు గంటలకోసారి లేపి నాలుగడుగులు వేయించండి. ఉయ్యాల తొట్టి బిగించేది గోడకెదురుగా ఉండే వరుసలో. చంటిబిడ్డ ఉంటే ఆ సీటు ముందే అడిగి పెట్టుకోండి. విమానం కిందికి దిగుతున్నప్పుడు బిడ్డకు పాలు పట్టిస్తే చెవి నొప్పి తగ్గుతుంది.

మందులన్నీ చేతిసంచీలోనే. ఇన్సులిన్ లగేజీలో వేస్తే చలికి గడ్డకట్టి పాడవ్వచ్చు. అసలు డబ్బాల్లో, జనరిక్ పేరు (కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు) ఉన్న డాక్టర్ చీటీతో సహా తీసుకెళ్లండి. వెళ్లే దేశం రూల్సు కూడా చూడాలి. ఉదాహరణకు జపాన్‌కి, సూడోఎఫెడ్రిన్ అనే పదార్థం 10 శాతం మించి ఉన్న జలుబు మందులు తీసుకెళ్లకూడదు.

పుట్టినరోజు ఎన్నో రోజున రావాలి

ఇది బాగా ఆలోచించాల్సిన సంగతి. టైమ్ జోన్లు ఎన్ని గంటలు మారితే దాదాపు అన్ని రోజులు పడుతుంది ఒళ్లు సర్దుకోవడానికి. తూర్పుకి వెళ్లినప్పుడు ఇంకా కష్టం. మొదటి రెండు రోజుల్లో సాయంత్రం విందు పెడితే, ఎవరి కోసం అందరూ వచ్చారో ఆ మనిషే కునికిపాట్లు పడుతుంటారు. వేడుకని నాలుగో రోజుకో ఐదో రోజుకో జరపండి. మరీ చివరి రోజున వద్దు, ఆ రోజు అందరి మనసూ పెట్టెల మీదే ఉంటుంది.

తేదీ రేఖ (పసిఫిక్ సముద్రం మధ్యలో, దాటితే తేదీ మారిపోయే గీత) దాటే ప్రయాణమైతే ఇంకో లెక్క ఉంది. లాస్ ఏంజెలెస్‌లో 11వ తేదీ రాత్రి విమానం ఎక్కి సిడ్నీలో దిగేసరికి 13వ తేదీ ఉదయం. 12న పుట్టినరోజైతే అది విమానంలోనే వచ్చి వెళ్లిపోతుంది.

దిగే వేళ కూడా చూసుకోండి. తెల్లవారుజామున దిగే టికెట్ చవగ్గా కనిపించొచ్చు. చాలా హోటళ్లు గది ఇచ్చేది మధ్యాహ్నం 2, 3 గంటలకు. అప్పటిదాకా పెద్దవాళ్లు, పసివాళ్లు లాబీలో కూర్చోవాలి. మధ్యాహ్నం దిగేది దొరక్కపోతే, వాళ్ల గదులు మాత్రం ముందురోజు రాత్రి నుంచే బుక్ చేయండి. ఈ యాత్రలో ఇంత సార్థకమయ్యే ఖర్చు ఇంకోటి ఉండదు.

ఈ వారం అభ్యాసం

ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. ఇంటి గుమ్మం దాటినప్పటి నుంచి 48 గంటలు, గంటకో వరుస. మొదటి గడిలో ఆ చోటి టైమ్, రెండో గడిలో మీ ఊరి టైమ్, మూడో గడిలో అప్పుడు పుట్టినరోజు మనిషి ఏం చేస్తుంటారో రాయండి: నిలబడి, కూర్చుని, పడుకుని, లేదా భోజనం. వరసగా 3 గంటలు "నిలబడి" అని వస్తే అక్కడ టికెట్ మార్చాలి. రెండో గడిలో రాత్రి 2 గంటలైనప్పుడు మూడో గడిలో "భోజనం" అని ఉంటే ఆ భోజనం తీసేసి నిద్ర పెట్టండి. ఈ కాగితం దాచుకోండి, గదుల పంపకం, రోజువారీ ప్లాన్ నేర్చుకునే నాలుగో పాఠంలో దీంతోనే మొదలుపెడతాం.