మోకాలు టక్కుమంటోందా? నొప్పి ఎక్కడ, ఎప్పుడు అన్నదాన్ని బట్టి చేయాల్సింది

కుర్చీలోంచి లేస్తే టక్కుమంటుంది. మెట్లెక్కుతుంటే కరకరలాడుతుంది. గొంతుక్కూర్చుని లేచినప్పుడైతే పక్కగదిలో వాళ్ళకూ వినిపిస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు వెంటనే తేల్చేస్తారు, "గుజ్జు అరిగిపోయింది, ఇక మెట్ల జోలికి పోకు" అని. ఆ మాట పట్టుకుని నడక తగ్గిస్తాం. నడక తగ్గితే తొడలో కండ తగ్గుతుంది, కండ తగ్గితే కీలు మీద భారం పెరుగుతుంది, కొన్నాళ్ళకు లేని నొప్పి నిజంగానే వచ్చి కూర్చుంటుంది.

చప్పుడు ఒక్కదాన్ని బట్టి ఏ జబ్బూ తేల్చలేం. నొప్పి ఎక్కడుంది, ఏ పనికి వస్తోంది, వాపు ఉందా, కాలు పూర్తిగా చాచగలుగుతున్నారా? వీటికి జవాబు దొరికితే కారణం చాలావరకు దొరికినట్టే.

ముందు ఇవి లేవని చూసుకోండి

మోకాలు ఎర్రగా, వేడిగా వాచి, దానికి తోడు జ్వరం ఉంటే కీలులో చీము పట్టి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. పడి దెబ్బ తగిలాక నాలుగడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. కబడ్డీలోనో బ్యాడ్మింటన్‌లోనో కాలు మెలితిరిగి లోపల ఏదో తెగినట్టు చప్పుడై, గంట రెండు గంటల్లో మోకాలు ఉబ్బితే లిగమెంటు, అంటే ఎముకలను ఒకదానికొకటి కట్టి ఉంచే పట్టీ, తెగిందని అనుమానించాలి. పిక్క వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి పెడుతుంటే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు కాబట్టి ఆ రోజే చూపించుకోవాలి.

పొద్దున లేచాక గంటకు పైగా కీళ్ళు బిగుసుకుపోయి, వేళ్ళూ మణికట్లూ కూడా వాస్తుంటే కీళ్ళవాతం కావచ్చు. దానికి రుమటాలజిస్టు ఇచ్చే మందులు కావాలి, వ్యాయామం ఒక్కటే చాలదు. చికున్‌గున్యా తగ్గాక నెలల తరబడి కీళ్ళు పట్టేయడం మన ఊళ్ళలో చాలామంది ఎరిగిందే, ఆ జ్వరం సంగతి డాక్టరుకు చెప్పండి. పిల్లలు మోకాలు నొప్పని కుంటుతుంటే తుంటి కూడా పరీక్ష చేయించాలి. తుంటిలో ఉన్న తేడా వాళ్ళకు మోకాలి నొప్పిగా తెలియడం ఉంది.

చప్పుడు ఉంది, నొప్పి లేదు

కీలు లోపలి జిగట ద్రవంలో వాయువులు కరిగి ఉంటాయి. కీలు ఒక్కసారిగా సాగినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి బుడగ ఏర్పడుతుంది, టక్కుమంటుంది. వేళ్ళు విరిచినప్పుడు జరిగేదీ ఇదే, అందుకే ఒకసారి విరిచిన వేలు వెంటనే మళ్ళీ మోగదు. అలా కాకుండా వంచిన ప్రతిసారీ మోగుతుంటే, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు ఎముక అంచు మీంచి జారడం వల్ల కావచ్చు.

అరచేతిని మోకాలి చిప్ప మీద తేలిగ్గా ఆనించి, కుర్చీలో కూర్చుని కాలు నెమ్మదిగా చాచి ముడవండి. ఇసుక నలిగినట్టు చేతికి గరగర తెలియొచ్చు. ఇప్పుడు రెండో కాలికీ చేసి చూడండి. ఏ నొప్పీ లేని కాలిలోనూ అదే గరగర ఉండటం మామూలే. నొప్పి, వాపు, పట్టేయడం లేనంతవరకు దీనికి వైద్యం లేదు, అక్కర్లేదు. చప్పుడు ఆగుతుందని కాల్షియం బిళ్ళలు మింగడం డబ్బు దండగ. మోకాలి మార్పిడి చేయించుకున్నవాళ్ళకు వినబడే టిక్ టిక్ కూడా లోహం, ప్లాస్టిక్ తగులుకునే చప్పుడే. నొప్పి లేకపోతే కంగారు పడొద్దు.

మెట్లు దిగుతుంటే చిప్ప చుట్టూ నొప్పి

వయసులో ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపించేది ఇదే. వేలు పెట్టి ఇక్కడని చూపించలేరు, చిప్ప మొత్తాన్ని చేత్తో పట్టుకుని చూపిస్తారు. మెట్లు ఎక్కడం కంటే దిగడం కష్టం, గుంజిళ్ళు తీస్తే నొప్పి, సినిమా హాల్లో రెండున్నర గంటలు కాళ్ళు ముడుచుకుని కూర్చుని లేస్తే నొప్పి. మెట్లు దిగేటప్పుడు మోకాలి మీద మన బరువుకు మూడు రెట్లకు పైనే భారం పడుతుంది. ఆ భారాన్ని తొడ ముందు కండరాలు, పిరుదు పక్క కండరాలు మోయాలి. అవి బలహీనంగా ఉన్నా, అలవాటు లేని పని ఒక్కసారిగా మీద పడినా చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. జిమ్‌లో చేరిన మొదటి వారమే వందేసి గుంజిళ్ళు తీసినవాళ్ళకూ, ఏడాదంతా కుర్చీలో కూర్చుని మొక్కు కోసం ఒకేసారి అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాళ్ళకూ వచ్చేది ఇదే నొప్పి. మొక్కుంటే రెండు నెలల ముందు నుంచి ఇంటి మెట్లు ఎక్కడం మొదలుపెట్టండి, దిగడానికి బస్సు పట్టుకోండి.

బలహీనత ఎక్కడుందో అద్దం ముందు తెలుస్తుంది. అర జానెడు ఎత్తున్న పీట మీద ఒంటికాలిపై నిలబడి, రెండో కాలి మడమను మెల్లగా నేలకు తాకించి మళ్ళీ పైకి లేవండి. పీట కదలకుండా ఉండాలి, చేతికి గోడ అందుబాటులో ఉండాలి. నిలబడ్డ కాలి మోకాలు పాదం మీదుగా తిన్నగా వంగాలి. బొటనవేలు దాటి లోపలికి వాలిపోతుంటే, లేదా తుంటి ఒక పక్కకు జారిపోతుంటే పిరుదు పక్క కండరాల మీద పని చేయాలి.

చేయాల్సిన వ్యాయామాలకు సామాను అక్కర్లేదు. నేల మీద కాలు చాపుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, దాన్ని నేలకేసి నొక్కి ఐదు లెక్కపెట్టి వదలండి. నొక్కినప్పుడు చిప్పకు పైన, లోపలి వైపు కండ గట్టిపడటం వేళ్ళకు తెలియాలి. తెలియకపోతే మడమతో కాదు, తొడతో నొక్కాలి. ఇది తేలికయ్యాక కాలు తిన్నగా జానెడు ఎత్తి దించడం. పక్కకు తిరిగి పడుకుని పైకాలును పక్కకు ఎత్తడం పిరుదు కండరానికి, కాలు ముందుకు రాకుండా కాస్త వెనక్కే ఉంచాలి. ఆ తర్వాత చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి మెల్లగా కూర్చోవడం. నా లెక్కలో అన్నిటికంటే విలువైంది ఇదే, ఎందుకంటే రోజూ చేసే పని కూడా ఇదే. ఒక్కోటి పదేసి చొప్పున రెండు మూడు విడతలు, వారానికి మూడు నాలుగు రోజులు.

కొంచెం నొప్పి వస్తే ఆపేయకండి. పదికి మూడు మార్కులు దాటనంత నొప్పి, మర్నాడు పొద్దుటికి తగ్గిపోయేదైతే పరవాలేదు. మర్నాడూ మిగిలితే సంఖ్య తగ్గించండి. ఆరు వారాలు చేశాక గానీ తేడా కనబడదు, గట్టిపడటానికి మూడు నెలలు. జనం సాధారణంగా పది రోజులకే వదిలేస్తారు, అసలు చిక్కు అక్కడే.

45 దాటాక, నడిస్తే నొప్పి, లేవగానే కాసేపు బిగువు

పొద్దున బిగువు అరగంటలోపు వదిలి, పని చేసేకొద్దీ నొప్పి పెరుగుతుంటే అది కీలు అరుగుదల. చప్పుడు కూడా ఉంటుంది. ఇది తేల్చుకోవడానికి చాలాసార్లు ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. ఫిల్ములో అరుగుదల బాగా కనిపించినా హాయిగా నడిచేవాళ్ళున్నారు, కొంచెమే కనిపించినా కదల్లేనివాళ్ళూ ఉన్నారు.

పైన చెప్పిన వ్యాయామాలే ఇక్కడా మొదటి మందు, నడక దానికి తోడు. బరువు ఎక్కువుంటే తగ్గించడం రెండోది. ఒక కిలో తగ్గితే వేసే ప్రతి అడుగుకూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నొప్పికి డైక్లోఫెనాక్ జెల్ మాత్రల కంటే ముందు వాడి చూడదగ్గది, చర్మానికి దగ్గరగా ఉండే కీలు కాబట్టి పనిచేస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి నొప్పి మాత్రలు మింగడం మాత్రం కడుపుకూ కిడ్నీలకూ చేటు. బీపీ, షుగర్, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా తాకొద్దు. గ్లూకోసమైన్ బిళ్ళలు, గుజ్జు ఇంజెక్షన్లు ఇవ్వొద్దని బ్రిటన్‌లో డాక్టర్లకు వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది, ఆ వ్యవధిని వ్యాయామం మొదలుపెట్టడానికి వాడుకుంటే మేలు.

ఏదో అడ్డుపడినట్టు, కాలు పట్టేసినట్టు

రెండు ఎముకల మధ్య ఉండే మెత్త, అంటే మెనిస్కస్, చిరిగితే తొడ ఎముక, కాలి ఎముక కలిసే గీత మీద ఒకచోట నొప్పి ఉంటుంది, వేలితో చూపించగలరు. పాదం నేల మీద ఉండగా ఒళ్ళు తిప్పినా, గొంతుక్కూర్చున్నా పొడిచినట్టుంటుంది, వాపు మర్నాటికి తేలుతుంది. కాలు పూర్తిగా చాచలేకుండా నిజంగానే ఇరుక్కుపోతే ఎముకల డాక్టరు దగ్గరికి త్వరగా వెళ్ళాలి, కుర్రవాళ్ళయితే మరీ.

నడివయసులో స్కానింగులో కనబడే చిరుగు వేరే సంగతి. నొప్పి లేనివాళ్ళకు ఎమ్మారై తీసినా ఆ వయసులో చాలామందిలో ఇలాంటి చిరుగు కనిపిస్తుంది. అరుగుదలతో వచ్చిన చిరుగులకు చిన్న రంధ్రం గుండా చేసే కీహోల్ ఆపరేషన్ దాదాపు ఎవరికీ వద్దని 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకాలు గట్టిగా చెప్పాయి. రిపోర్టు చూసి రేపే ఆపరేషన్ అంటే ఇంకొక డాక్టరును అడగండి.

మిగతావి

చిప్ప మీదే మెత్తగా వాస్తే, మోకాళ్ళ మీద ఆని పని చేసే టైల్స్ మేస్త్రీల్లాంటివాళ్ళకు వచ్చే నీటిసంచి వాపు అది, మోకాలి కింద దిండు వేసుకుని పని చేస్తే తగ్గుతుంది. పరుగెత్తేవాళ్ళకు బయటి పక్క నొప్పి వస్తే కొన్నాళ్ళు దూరం తగ్గించాలి.

నొప్పి ఉన్న రోజుల్లో

మెట్లెక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వేయాలి, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. చేతికర్ర నొప్పి కాలికి ఎదురు చేతిలో ఉండాలి, చాలామంది తిరగేసి పట్టుకుంటారు. కూరగాయలు తరగడం కుర్చీలోకి మార్చుకోండి. అలాగని నేల మీద కూర్చోవడం జీవితాంతం మానక్కర్లేదు, నొప్పి తగ్గాక హాయిగా కూర్చోవచ్చు. మోకాలికి తొడుక్కునే సాగే పట్టీ (నీ-క్యాప్) వేసుకుంటే ధైర్యంగా ఉంటుందంటే బయటికెళ్ళేటప్పుడు వేసుకోండి, కండ బలం మాత్రం దాంతో రాదు.

ఇవన్నీ నెలల పాటు సరిగ్గా చేశాక కూడా నొప్పి నిద్ర పట్టనివ్వకపోతే, వీధి చివరిదాకా నడవలేకపోతే అప్పుడు మోకాలి మార్పిడి గురించి మాట్లాడాలి. ఎక్స్‌రే నిలబెట్టి తీయమనండి, పడుకోబెట్టి తీస్తే ఎముకల మధ్య ఖాళీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించొచ్చు. మార్పిడిలో అమర్చే కృత్రిమ కీళ్ళ, అంటే మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ పరిమితి పెట్టింది, కాబట్టి ఆసుపత్రి ఎస్టిమేట్ ఇచ్చినప్పుడు ఇంప్లాంటు పేరు, ధర విడిగా రాసిమ్మని అడగండి.