క్యాంపర్ వ్యాన్‌లో ఫ్రిజ్ ఆగినా, నీళ్లు రాకపోయినా, బాడీ ముట్టుకుంటే జివ్వుమన్నా ముందు ఏం చూడాలి, తర్వాత ఏం కొనాలి

మేం బెంగళూరు కేఆర్ పురంలో ఉంటాం. సెకండ్ హ్యాండ్ టెంపో ట్రావెలర్ ఒకటి తీసుకుని వెనకాల మంచం, చిన్న కిచెన్, ఫ్రిజ్ పెట్టించుకున్నాం. సెలవులు దొరికితే గండికోట, హార్స్‌లీ హిల్స్, చిక్కమగళూరు తిరుగుతుంటాం. అపార్ట్‌మెంట్‌లో మన తెలుగువాళ్లు చాలామంది "అన్నా, ఏమేం కొనాలో లిస్ట్ పంపించు" అని అడుగుతారు. మొదట్లో పంపేవాడిని, ఇప్పుడు మానేశాను. ఎందుకంటే ఆ లిస్టులన్నీ అమెరికా వీడియోల్లోంచి వచ్చినవి, వాళ్ల కరెంట్ 120 వోల్ట్, మనది 230. వాళ్లు వాటర్ ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి అంటారు, మన ఫామ్‌స్టేలో నీళ్లు మేడమీద ట్యాంక్ నుంచి వస్తాయి, పది మీటర్ల ఎత్తుకి వచ్చే ప్రెషర్ దాదాపు ఒక బార్, దానికి రెగ్యులేటర్ దేనికి? అందుకే ఇక్కడ సమస్య వైపు నుంచి రాస్తున్నా. నేను చూసినంతవరకు తప్పు పెద్ద వస్తువులో ఉండేది తక్కువ, దానికీ దీనికీ మధ్యలో ఉండే వైరు, ఫ్యూజు, క్లిప్పు, గొట్టం, వాటిల్లోనే ఉంటుంది.

ఫ్రిజ్ అర్ధరాత్రి దాటాక ఆగిపోతోంది, బ్యాటరీ మాత్రం ఫుల్ అని చూపిస్తోంది

ఇది అన్నిటికన్నా ఎక్కువ నన్ను ఏడిపించింది కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. గండికోటలో రెండో రోజు పొద్దున లేచి చూస్తే పాలు విరిగిపోయి ఉన్నాయి, ఇడ్లీ పిండి పొంగి డబ్బా మూత లేచిపోయింది, ఫ్రిజ్ డిస్‌ప్లే మీద ఎర్రర్. బెంగళూరు వచ్చాక ఒక ఎలక్ట్రీషియన్‌ని అడిగితే బ్యాటరీ చాలట్లేదు ఇంకోటి వేయించండి అన్నాడు, వేయించాను, పదిహేను వేలు పోయాయి. తర్వాతి ట్రిప్‌లో మళ్లీ అదే కథ.

అప్పుడు ఎస్పీ రోడ్‌లో ఒక మల్టీమీటర్ కొనుక్కుని నేనే కూర్చున్నా. కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ టెర్మినల్ దగ్గర 12.4 వోల్ట్, ఫ్రిజ్ ప్లగ్ దగ్గర 11.3. మధ్యలో ఒక వోల్ట్‌కి పైగా మాయం! ప్యానెల్ ఊడదీసి చూస్తే బ్యాటరీ నుంచి ఫ్రిజ్ వరకు ఆరు మీటర్లు ఇంట్లో లైట్లకి వాడే 1.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగి ఉంది, దారిలో రెండు చోట్ల వైర్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేశారు, ఒకచోట రాగి ఆకుపచ్చగా తిరిగిపోయి ఉంది. ఇంట్లో 230 వోల్ట్‌లో ముప్పావు వోల్ట్ పోయినా ఎవరికీ తెలీదు, 12 వోల్ట్‌లో అది చాలా పెద్ద విషయం. లెక్క చూడండి, పోను ఆరు రాను ఆరు కలిపి పన్నెండు మీటర్లు, 5 ఆంప్ లాగితే 1.5 వైరులోనే దాదాపు 0.7 వోల్ట్ పోతుంది, మిగతాది ఆ మెలిపెట్టిన జాయింట్లలో. ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ అని ఉంటుంది, వోల్టేజ్ పడిపోయిందనుకుని అది ఆగిపోతుంది, దాని తప్పేం లేదు.

పరిష్కారం: 6 స్క్వేర్ ఎంఎం వైరు, ఇదే దూరానికి ఇదే లోడ్‌కి దాంట్లో 0.2 కన్నా తక్కువే పోతుంది. జాయింట్లు లేకుండా ఒకే ముక్క, రెండు చివర్లా క్రింప్ చేసిన (ప్లయర్‌తో నొక్కి బిగించిన) లగ్గులు, అంటే వైరు చివర తొడిగే లోహపు ముక్కలు. ఆ సిగరెట్ లైటర్ సాకెట్ తీసేయండి, అది రోడ్డు మీద కుదుపులకి వదులైపోతుంది, స్క్రూ టైప్ కనెక్టర్ పెట్టించండి. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు దూరంలో, ఫ్యూజ్ ఉండాలి, ఫ్రిజ్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు అది కాపాడదు. కొందరు ప్రొటెక్షన్ సెట్టింగ్‌ని లో మీద పెట్టేసి సరిపోయింది అంటారు, లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉంటే దయచేసి అలా చేయొద్దు, బ్యాటరీ అడుగంటిపోయి ఏడాది తిరక్కుండానే పోతుంది.

వైరు బాగానే ఉండి కూడా ఆగుతుంటే అప్పుడు నిజంగానే బ్యాటరీ చాలట్లేదు. 100 ఏహెచ్ (ఆంప్ అవర్) అంటే 12 వోల్ట్‌తో గుణించి 1200 వాట్ అవర్ అనుకుంటాం, కానీ లెడ్ యాసిడ్‌లో సగమే వాడుకోవాలి, అంటే 600. ఏప్రిల్ ఎండలో ఒక మోస్తరు ఫ్రిజ్ ఒక్కటే రోజుకి అంత తినేయగలదు, ఇంక ఫ్యాన్, లైట్లు, ఫోన్లు దేంతో నడుస్తాయి? అదే 100 ఏహెచ్ ఎల్ఎఫ్‌పి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీ అయితే 1000 దాకా వాడొచ్చు, బరువు కూడా సగం కన్నా తక్కువ. బ్యాటరీని కాసేపు ఏ లోడూ లేకుండా వదిలేసి మీటర్ పెడితే లెడ్ యాసిడ్ 12.7 చూపిస్తే ఫుల్, 12.1 అంటే సగం, అంతకన్నా కిందికి పోనివ్వకండి. లిథియంకి ఈ లెక్క పనికిరాదు, దాని వోల్టేజ్ చివరిదాకా అలాగే నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది, దానికి షంట్ (బ్యాటరీలోకి వచ్చే, పోయే కరెంట్‌ని కొలిచే ముక్క) ఉన్న బ్యాటరీ మానిటర్ కొనాలి.

ఇంకోటి, కొనక్కర్లేని పరిష్కారం. ఫ్రిజ్ పక్కన జాలీకి ఆనించి బ్యాగులు పెట్టకండి, వేడి బయటికి పోక కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. బయల్దేరే ముందు రోజు రాత్రే ఇంటి కరెంట్ మీద చల్లబరిచి, చల్లటి సామానే లోపల పెట్టండి.

సోలార్ ప్యానెల్ ఉంది కానీ ఛార్జ్ ఎక్కట్లేదు

ముందు నీడ చూడండి. చెట్టు కింద చల్లగా ఉంటుందని ఆపుతాం, ప్యానెల్ మీద ఒక మూల నీడ పడినా మొత్తం పవర్ దారుణంగా పడిపోతుంది. రాయలసీమ ఎండలో 200 వాట్ ప్యానెల్ రోజుకి 700, 800 వాట్ అవర్ ఇస్తుంది, వానాకాలం చిక్కమగళూరులో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. మనం వ్యాన్‌ని చెట్టు కింద పెట్టుకుని ప్యానెల్‌ని ఎండలో వేసుకునేలా మడతపెట్టే ప్యానెల్ ఒకటి ఉంటే ఈ రెండూ కుదురుతాయి, నాకైతే టాప్ మీద ఫిక్స్ చేసిన దానికన్నా ఇదే ఎక్కువ ఉపయోగపడింది.

ఇన్వర్టర్ మీద ఇండక్షన్ స్టవ్ పెడితే కీచుమని ఆగిపోతోందని ఒకాయన అడిగారు. 1500 వాట్ అంటే 12 వోల్ట్ బ్యాటరీ నుంచి 125 ఆంప్‌కి పైనే లాగుతుంది, చిన్న బ్యాటరీ మీద అది అయ్యే పని కాదు. వంటకి గ్యాసే.

పొద్దున వ్యాన్ స్టార్ట్ అవ్వట్లేదు

రాత్రంతా ఫ్యాన్, లైట్లు ఇంజిన్ బ్యాటరీ మీద నడిచాయి, అంతే. వెనకాల వాడుకునే బ్యాటరీ వేరు, ఇంజిన్ బ్యాటరీ వేరు అయ్యుండాలి, రెండింటి మధ్య డీసీ టు డీసీ ఛార్జర్ (బండి నడుస్తున్నప్పుడు వెనక బ్యాటరీకి సరైన వోల్టేజ్ ఇచ్చేది) ఉండాలి. పాత బండ్లకి ఒక రిలే (రెండు బ్యాటరీల్ని తనంతట తానే కలిపే, విడగొట్టే స్విచ్) పెడితే సరిపోయేది, ఇప్పటి బీఎస్6 బండ్లు చాలావాటిలో ఆల్టర్నేటర్ వోల్టేజ్‌ని తగ్గించేస్తూ పెంచేస్తూ ఉంటుంది కాబట్టి రిలేతో వెనక బ్యాటరీ సరిగ్గా నిండదు. మందంగా ఉన్న జంపర్ కేబుల్స్ కూడా ఒక సెట్ పెట్టుకోండి, సన్నవి వేడెక్కడం తప్ప బండిని లేపవు.

ఫామ్‌స్టే కరెంట్‌కి తగిలించాక వ్యాన్ బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోంది

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి, వెంటనే ప్లగ్ తీసేయండి, పిల్లల్ని దూరం పెట్టండి. సక్లేశ్‌పుర దగ్గర ఒక ఎస్టేట్‌లో మా పాప చెప్పుల్లేకుండా తడి గడ్డి మీద నిలబడి తలుపు పట్టుకుని "నాన్నా, డోర్ కుడుతోంది" అంది. ఆ మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది.

కారణం ఎక్కువసార్లు సాకెట్‌లో ఎర్త్ లేకపోవడం. మూడు రంధ్రాలు ఉంటాయి, పై రంధ్రం వెనకాల వైరే ఉండదు. మన ఛార్జర్లలోంచి లీకయ్యే కొంచెం కరెంట్‌కి పోవడానికి దారి లేక బాడీలోకి వస్తుంది. అలా కాకుండా ఎక్కడో ఫేజ్ వైరే బాడీకి తగులుతుంటే అది ప్రాణాలు తీస్తుంది, జివ్వుమనడం చూసి ఈ రెండింటిలో ఏదో మనం చెప్పలేం.

కొనాల్సినవి రెండే. ఒకటి సాకెట్ టెస్టర్, మూడు లైట్లుంటాయి, ఎర్త్ ఉందా, ఫేజ్ న్యూట్రల్ తారుమారయ్యాయా తగిలించగానే చెప్తుంది, చాలా చవక. రెండోది వ్యాన్‌లోకి కరెంట్ వచ్చే చోట 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే సరఫరా కట్ చేసే స్విచ్), మనిషి ఒంట్లోంచి కరెంట్ నేలకి పోతే ఎర్త్ లేకపోయినా అది పడిపోతుంది. మామూలు ఎంసీబీ (ఓవర్‌లోడ్, షార్ట్ అయితే పడిపోయే స్విచ్) ఆ పని చేయదు, రెండూ ఒకటే అనుకోకండి. టెస్టర్ ఎర్త్ లేదని చూపిస్తే ఆ రాత్రికి బ్యాటరీ మీదే ఉండండి.

ఎక్స్‌టెన్షన్ వైరు మూడు కోర్లది, 2.5 స్క్వేర్ ఎంఎం తీసుకోండి. చుట్ట చుట్టే ఉంచి లోడ్ వేస్తే లోపల వేడెక్కి ప్లాస్టిక్ కరిగిపోతుంది, మొత్తం విప్పి పరవాలి.

పంపు తిరుగుతోంది, నీళ్లు రావట్లేదు

ట్యాంక్‌లో నీళ్లున్నాయా చూశాక, పంపు ముందుండే చిన్న జాలీ ఫిల్టర్ విప్పండి, ట్యాంక్ కొత్తదైతే డ్రిల్ చేసినప్పుడు పడిన ప్లాస్టిక్ పొట్టు అక్కడే ఇరుక్కుని ఉంటుంది. అది శుభ్రంగా ఉంటే ట్యాంక్‌కీ పంపుకీ మధ్య గొట్టంలో ఎక్కడో గాలి లాగుతోంది. ఇక్కడ నీళ్లు కారవు, అందుకే కనిపెట్టడం కష్టం. క్లిప్పులు బిగించి, స్క్రూ మరలున్న జాయింట్ల దగ్గర టెఫ్లాన్ టేపు చుట్టండి.

దీనికి రివర్స్, ట్యాప్ కట్టేసి ఉన్నా రాత్రి పంపు టకటకమని అప్పుడప్పుడు కొట్టుకుంటుంటే పంపు తర్వాత ఎక్కడో కారుతోంది. సింక్ కింద టిష్యూ పేపర్ పరిచి పొద్దున చూడండి.

నీళ్లు వాసన వస్తుంటే: తోటకి వాడే పచ్చ గొట్టంతో నీళ్లు పట్టడం మానేసి ఫుడ్ గ్రేడ్ గొట్టం తీసుకోండి. 60 లీటర్ల ట్యాంక్ నింపి, వాసన కలపని 5 శాతం బ్లీచ్ ద్రవం 60 ఎంఎల్ పోసి, ట్యాప్‌ల్లోంచి ఆ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలు ఉంచి పారబోసి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. ఇంట్లో ఒక నెల నిలిపి ఉంచే ముందు ట్యాంక్ ఖాళీ చేసి మూత తీసి పెట్టండి.

గ్యాస్ మంట పసుపుగా వస్తోంది, లేదా వాసన వస్తోంది

వాసన వస్తే స్విచ్‌లేవీ ముట్టుకోకుండా రెగ్యులేటర్ కట్టేసి అందరూ దిగిపోండి, తలుపులు తెరిచి పెట్టండి. ఎల్పీజీ గాలికన్నా బరువు, కిందికి దిగి నేల మీద నిలుస్తుంది, పైన కిటికీ తీసినంత మాత్రాన పోదు. సిలిండర్ పెట్టే అరకి అడుగున బయటికి పోయే రంధ్రం ఉండాలి, గ్యాస్ అలారం కూడా మోకాలి కన్నా కిందే బిగించాలి. లీక్ ఎక్కడో సబ్బు నురగతో చూడండి. సిలిండర్ పైన పట్టీ మీద సి-27 లాంటి గుర్తు ఉంటుంది, అంటే 2027 జూలై నుంచి సెప్టెంబర్ లోపు దానికి టెస్ట్ చేయాలి అని అర్థం, ఏ జనవరితో మొదలు, మూడేసి నెలలకి ఒక అక్షరం. గడువు దాటింది తీసుకోకండి. మంట పసుపుగా వచ్చి గిన్నె నల్లబడుతుంటే బర్నర్ గాలి రంధ్రాలు మూసుకుపోయాయి, సూదితో కాకుండా బ్రష్‌తో శుభ్రం చేయండి.

చలికి బొగ్గుల కుంపటి లోపలికి తెచ్చుకుని తలుపులు వేసుకోవడం, స్టవ్ వెలిగించి వెచ్చబెట్టుకోవడం, వీటితో కార్బన్ మోనాక్సైడ్ వచ్చి నిద్రలోనే ప్రాణాలు పోతాయి, దానికి వాసనే ఉండదు. హార్స్‌లీ హిల్స్ చలికి రెండు మంచి రగ్గులు చాలు. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా కొనండి, అది గ్యాస్ అలారం కాదు, వేరే.

పొద్దునకి గోడలకి చెమట పట్టి పరుపు తడిగా ఉంటోంది

నలుగురు పడుకుంటే రాత్రంతా ఊపిరిలో ఆవిరి చల్లటి రేకుకి తగిలి నీళ్లవుతుంది. చలికి అన్నీ బిగించేస్తాం, అదే తప్పు. ఎదురెదురు కిటికీలు వేలెడంత తెరిచి దోమల జాలీ బిగించండి, కుదిరితే రూఫ్ ఫ్యాన్. పరుపు కింద చెక్కకి రంధ్రాలు కొట్టించండి, లేకపోతే అడుగున బూజు పట్టాక గానీ తెలీదు.

పోర్టబుల్ టాయిలెట్ కంపు

మన దగ్గర దాన్ని ఖాళీ చేసే ప్రత్యేకమైన చోట్లు దాదాపు లేవు, ఫినాయిల్ పోసి ఎవరి సెప్టిక్ ట్యాంక్‌లోనో గుమ్మరిస్తే అక్కడి పనిచేసే బ్యాక్టీరియా చస్తుంది. ద్రవం ఘనం వేరుగా పడే సీటు పెట్టి ఘనం మీద కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) చల్లుతున్నాం, ఇక్కడ ఏ నర్సరీలో అయినా దొరుకుతుంది. రెండూ కలిస్తేనే ఆ కంపు.

హైవే మీద వ్యాన్ ఊగుతోంది, టైర్లు బాగా వేడెక్కుతున్నాయి

అన్నీ సర్దేశాక, నీళ్లు నింపి, అందరూ ఎక్కాక, ఒక్కసారి లారీల కాటా మీద తూకం వేయించండి, ఆర్సీలో ఉన్న గ్రాస్ వెయిట్‌తో పోల్చి చూడండి. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. బరువైనవి కింద, రెండు చక్రాల వరసల మధ్యన ఉండాలి, టాప్ మీద గుడారం, కుర్చీలు తప్ప ఇంకేం వద్దు. టైర్ పక్కన ఓవల్ గీతలో నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో ఇరవై మూడో వారం తయారైంది. గాడి బాగున్నా వయసైపోయిన టైర్‌ని నమ్మకండి.

ఊటీ వైపు వెళ్లేవాళ్లకి ఒక మాట, బండీపుర అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు. అక్కడిదాకా వెళ్లి ఇరుక్కోకుండా గుండ్లుపేట దాటే టైమ్ చూసుకుని బెంగళూరులో బయల్దేరండి.

మా డ్రైవర్ సీటు కింద ఎప్పుడూ ఒక సంచి ఉంటుంది: మల్టీమీటర్, క్రింపింగ్ ప్లయర్, లగ్గులు, ప్రతి సైజు ఫ్యూజు రెండేసి, గొట్టం క్లిప్పులు, టెఫ్లాన్ టేపు, సాకెట్ టెస్టర్, సబ్బు నీళ్ల స్ప్రే సీసా, టైర్ గేజ్, వీల్ కింద పెట్టే చెక్క దిమ్మలు నాలుగు. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మాత్రం సంచిలో కాదు, వెనక తలుపు పక్కన, పడుకున్నచోటు నుంచి చేయి చాస్తే అందేలా బిగించాను, ముల్లు ఆకుపచ్చలో ఉందో లేదో ప్రతి ట్రిప్ ముందూ మా ఆవిడే చూస్తుంది.