శాడ్ కోసం వల విసిరే ముందు లైఫ్ జాకెట్ విప్పకండి

పోయిన శనివారం తెల్లవారుజామున టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులోని లేక్ టెక్సోమా సరస్సులో మన కుర్రాడొకడు శాడ్ అనే ఎర చేప కోసం వల విసురుతూ బోటు ముందు నుంచి వలతో సహా నీళ్లలో పడ్డాడు. పక్క బోటు వాళ్లు చూసి లాగారు కాబట్టి బతికాడు. లైఫ్ జాకెట్ లేక కాదు. ఉంది, సీటు మీద. వల విసరడానికి అడ్డం వస్తోందని రెండు నిమిషాల ముందే విప్పి పెట్టాడట.

ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. రేవు నుంచి బయల్దేరేటప్పుడు అందరూ జాకెట్ వేసుకుంటారు. బోటు వేగంగా పోతున్నంతసేపూ ఉంచుకుంటారు. శాడ్ గుంపు కనబడగానే ఇంజిన్ ఆపి, జాకెట్ విప్పి, వల అందుకుంటారు. అంటే సరిగ్గా పడిపోయే అవకాశం ఎక్కువ ఉన్న ఘడియలోనే ఒంటి మీద జాకెట్ ఉండదు.

డాలస్, ఫ్రిస్కో, ప్లానో వైపు నుంచి స్ట్రైపర్ (చారల బాస్ చేప) కోసం టెక్సోమా వెళ్లే మనవాళ్లు ఈ మధ్య బాగా పెరిగారు. స్ట్రైపర్‌కు బతికున్న శాడ్‌ను మించిన ఎర లేదు, నిజమే. మన పులసకు దూరపు చుట్టమైన ఈ చిన్న చేప నీళ్లలోని నలుసులు వడగట్టుకుని తింటుంది, గాలానికి పడదు. అందుకే విసురు వల తప్పదు. వసంతంలో గుడ్లు పెట్టడానికి శాడ్ గుంపులుగా ఒడ్డు రాళ్ల దగ్గరికి వస్తుంది, అదీ తెల్లారేలోపే ఎక్కువ. చీకటి, చలి, తొందర, మూడూ ఒక్కసారే కలుస్తాయి.

వల విసిరేటప్పుడు ఒంటికి ఏమవుతుందో ఒకసారి గమనించండి. ఎడమ మణికట్టుకు తాడు ఉచ్చు. అదే చేతిలో తాడు చుట్టలు, తడి వల. కుడి చేతిలో సీసపు గుండ్ల అంచు. నడుము తిప్పి ఒంటి బరువంతా ముందుకు వదిలితేనే వల గుండ్రంగా విచ్చుకుంటుంది. కాళ్ల కింద డెక్ మీద అంతకుముందు పట్టిన శాడ్ జిగురు, పొలుసులు. రెండు చేతులూ పనిలో ఉన్నాయి కాబట్టి కాలు జారితే పట్టుకోవడానికి చెయ్యి ఖాళీగా ఉండదు. పడ్డాక తాడు మణికట్టుకే ఉంటుంది, వల కింద ఏ మొద్దుకో చిక్కుకుని ఉంటుంది. ఈత వచ్చినవాడికే కష్టం. మనలో చాలామందికి ఈత రాదు.

పైగా నీళ్ల చల్లదనం. ఏప్రిల్ మొదట్లో మధ్యాహ్నం ఎండ చూసి టీషర్టుతో బయల్దేరతాం. నీళ్లు మాత్రం ఇంకా 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉండొచ్చు. అంత చల్లటి నీళ్లలో హఠాత్తుగా పడితే మనిషి తెలియకుండానే నోరు తెరిచి గట్టిగా ఊపిరి లాగుతాడు. ఆ ఒక్క ఊపిరి నీళ్ల కింద తీసుకుంటే అంతే. మొదటి నిమిషం మునగకుండా తల పైన ఉంచేది లైఫ్ జాకెట్టే, మీ ఈత కాదు. కాసేపటికి వేళ్లు బిగుసుకుపోయి, బోటు అంచు అందినా పట్టు దొరకదు.

జాకెట్ చేతులకు అడ్డమన్నది అబద్ధం కాదు. దానికి మందు విప్పేయడం కాదు, సరైనది కొనుక్కోవడం. కయాక్ నడిపేవాళ్లు వేసుకునే రకం చూడండి, చంకల దగ్గర వెడల్పుగా తెరిచి ఉంటుంది, భుజాలు హాయిగా తిరుగుతాయి. వల కళ్లు బకిల్స్‌కు తగులుకుంటాయి కాబట్టి ముందువైపు నున్నగా ఉన్నది ఎంచుకోండి, వేలాడే పట్టీలను లోపలికి దోపండి. నీళ్లలో పడ్డాక ఉబ్బే సన్న రకాలూ ఉన్నాయి, కానీ వాటి గ్యాస్ సిలిండర్‌ను ఎప్పటికప్పుడు చూసుకోవాలి. ఈత రానివాళ్లు ఫోమ్ ఉన్నదే వేసుకోండి. వల విసరడం కొత్తయితే ఆ జాకెట్‌తోనే ఇంటి వెనక గడ్డి మీద నేర్చుకోండి. జాకెట్ లేకుండా నేర్చుకున్న చెయ్యి తర్వాత జాకెట్‌తో విసరనంటుంది.

తాడు సంగతి. ఉచ్చు మణికట్టుకు వదులుగా ఉండాలి, చెయ్యి కిందికి వేలాడేస్తే జారిపోయేంత. లాగితే బిగిసే ముడి వేయొద్దు, చేతికి చుట్లు చుట్టుకోవద్దు. వల మొద్దుకు చిక్కి, గాలికి బోటు వెనక్కి పోతుంటే తాడు వదిలేయండి. వల పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు.

వల పరిమాణంలోనూ ఒక చిక్కు ఉంది. టెక్సస్‌లో విసురు వల వ్యాసం 14 అడుగులు దాటకూడదు. కొట్లో మాత్రం వలలకు వ్యాసార్ధం రాసి అమ్ముతారు. పెట్టె మీద 8 అని ఉంటే అది విచ్చుకుంటే 16 అడుగులు, టెక్సస్‌లో చెల్లదు. కొత్తవాళ్లకు పెట్టె మీద 5 అని ఉన్నది చాలు. పెద్ద వల బరువెక్కువ, ఆ బరువే మనిషిని ముందుకు లాగేది. ఓక్లహోమా వైపు నిబంధనలు వేరు, ఆ రాష్ట్రం వెబ్‌సైట్‌లో విడిగా చూసుకోండి. ఫిషింగ్ లైసెన్స్ సంగతి మీకు తెలిసిందే.

ఇక పట్టిన శాడ్‌ను బతికించుకోవడం. ఇది జాగ్రత్తల్లో ఎందుకంటారేమో. పట్టినవి చచ్చిపోతుంటే మళ్లీ మళ్లీ వల విసరాల్సి వస్తుంది. అలసిన కాళ్లతో విసిరే వలే ప్రమాదం. కాబట్టి గుండ్రటి ట్యాంకే వాడండి. మూలలున్న డబ్బాలో శాడ్ ముక్కు గోడకు కొట్టుకుని ఎర్రబారుతుంది, కాసేపటికి పక్కకు ఒరుగుతుంది. నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ ఆగకూడదు. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, సరస్సు నీళ్లే పోయండి. అయోడిన్ కలపని ఉప్పు కొంచెం వేస్తే తట్టుకుంటాయి. పెద్ద శాడ్ అయితే గాలన్ నీళ్లకు ఒకటి మించొద్దు. నీటి మీద నురగ కడితే నీళ్లు మార్చండి. సన్‌స్క్రీన్ రాసుకున్న చేత్తో ముట్టుకోవద్దు. పొలుసులు రాలినవి బతకవు, ఏరి పక్కన పెట్టండి. గాలం ముక్కు రంధ్రాల గుండా గుచ్చితే ఎక్కువసేపు ఈదుతాయి.

మిగిలిన శాడ్‌ను బతికుండగా ఇంటికి గానీ ఇంకో చెరువుకు గానీ తేవద్దు. 2009లో టెక్సోమాలో జీబ్రా ఆల్చిప్పలు అనే, త్వరగా పాకే బయటి జాతి బయటపడింది. వాటి పిల్లలు కంటికి కనిపించవు, ఎర నీళ్లలోనే ప్రయాణం చేస్తాయి. సరస్సు వదిలేముందు బోటు, లైవ్‌వెల్ (బోటులో చేపలుంచే తొట్టి), ఎర డబ్బా అన్నీ పూర్తిగా ఒంపేయాలి, చట్టం కూడా అదే చెబుతుంది. టెక్సోమా సరస్సును ఏర్పరచిన డెనిసన్ డ్యాం కింద రెడ్ రివర్‌లో సిల్వర్ కార్ప్ అనే బయటి జాతి చేప పిల్లలు కూడా ఉండొచ్చు, అవి అచ్చం శాడ్‌లాగే ఉంటాయి. ఎక్కడ పట్టిన ఎర అక్కడే వాడాలి.

డ్యాం కింద రాళ్ల మీద నిలబడి వల విసరొద్దు. కరెంటు తయారీకి నీళ్లు వదిలితే మట్టం చూస్తుండగానే పెరుగుతుంది. సైరన్ మోగితే సామాను కోసం ఆగొద్దు, పైకి రండి.

నడుము లోతు నీళ్లలోకి దిగి విసరొద్దు.

ఇంజిన్ తిరుగుతుండగా వల తీయొద్దు. తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

వల విసిరేటప్పుడు గుండ్ల అంచును పళ్లతో పట్టొద్దు. అది సీసం. వదలడం క్షణం ఆలస్యమైతే పన్ను కూడా పోతుంది.

ఉత్తరపు గాలి సూచన ఉంటే ఆ రోజు మానేయండి. టెక్సోమాలో గాలి లేస్తే చిన్న బోటు నిలవదు.

ఒంటరిగా వెళ్లొద్దు. మందు తాగి బోటెక్కొద్దు.

ప్రతి వల తర్వాత డెక్ మీద రెండు చెంబుల నీళ్లు కొట్టండి. చెప్పులతో విసరొద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి.

టెక్సస్‌లో నడుస్తున్న చిన్న బోటులో 13 ఏళ్ల లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. బోటు ఆగినా విప్పనివ్వకండి. నాన్న విప్పితే వాళ్లూ విప్పుతారు.

ఎవరైనా పడితే వెనకే దూకొద్దు. 2022 నవంబరులో మిస్సోరీలోని లేక్ ఆఫ్ ది ఒజార్క్స్‌లో తెలంగాణ విద్యార్థులు ఇద్దరు మునిగి చనిపోయారు, ఒకరిని కాపాడబోయి ఇంకొకరు. తాడు విసరండి, మూతపెట్టిన ఐస్ బాక్స్ విసరండి, తేలేది ఏదైనా విసరండి. విసిరే కుషన్ సీటు కింద సామాన్ల అడుగున కాదు, వల విసిరేవాడి వెనక నిలబడిన మనిషి చేతికి అందేచోట ఉండాలి. బయల్దేరే ముందే అది ఎక్కడుందో అందరికీ చూపించండి. ఫోన్ నీళ్లు దూరని సంచిలో పెట్టి, ఏ రేవు నుంచి వెళ్లారో, ఏ కోవ్‌లో (సరస్సు పాయలో) ఉన్నారో ఇంట్లో వాళ్లకు మెసేజ్ పెట్టండి. 911కు ఫోన్ చేస్తే వాళ్లు మొదట అడిగేది అదే.

రెండో వలకైనా, పదో వలకైనా, ఆఖరిదైనా జాకెట్ ఒంటి మీదే ఉండాలి. తిరిగి రేవుకొచ్చి కాలు నేల మీద పెట్టాకే విప్పండి.